విషయసూచికలో ఎవరి మాట?

పుస్తకాల వెనక ఉండే విషయసూచికలను గురించీ, గ్రంథాలయంలో కార్డుల మీద రాసే శీర్షికలను గురించీ ఒక సాహిత్య పత్రికలో వ్యాసం రాయడం కొందరికి వింతగా కనబడవచ్చు. సూచిక తయారుచేయడం గుమాస్తా పని అని మనలో చాలామంది అభిప్రాయం. కవిత్వం మీదా నవల మీదా విమర్శ మీదా వాదించుకుంటాం గాని, అవి ఏ పేరు కింద వెతికితే దొరుకుతాయన్న విషయం మీద మనం వాదించుకున్నది లేదు. నేను కూడా అలాగే ఉండేవాణ్ని. రెండేళ్ల కిందట నా చేతుల మీదుగా ఒక పొరపాటు జరిగిన తరవాత గాని ఇందులో వాదించవలసింది ఉందని నాకు తెలియలేదు.

నేను విజయవాడలో ఒక కళాశాలలో తెలుగు చెబుతాను. మా ఊరు డెల్టాలో కాలువల శివారున ఉంది. శివారు అంటే నీళ్లు అందరికన్న ఆఖరున వచ్చి, అందరికన్న ముందు ఆగిపోయే చోటు. మా నాన్న జీవితమంతా ఇతరుల పొలం కౌలుకు చేశాడు. మా అమ్మ ఇంటి సాగు తీరిన రోజుల్లో ఊడ్పులకూ కోతలకూ కూలికి పోయేది. ఈ సంగతి సానుభూతి కోసం చెప్పడం లేదు. నేను చేసిన పొరపాటుకు తెలియకపోవడం కారణం కాదని పాఠకులు గ్రహించాలి, అందుకని చెబుతున్నాను.

డెల్టా వ్యవసాయాన్ని గురించి ఎవరో శ్రమపడి కూడబెట్టిన కాగితాల మూటలు మా గ్రంథాలయానికి వచ్చాయి. అందులో రైతుసంఘాల కరపత్రాలు, సహకార సంఘాల నివేదికలు, వ్యవసాయశాఖ ప్రకటనలు, పాత పత్రికల కత్తిరింపులు, విద్యార్థులు రాసిన పరిశోధన వ్యాసాలు ఉన్నాయి. మొత్తం రెండు వేలకు తక్కువ ఉండవు. వీటికి తెలుగులో విషయశీర్షికల జాబితా ఒకటి కావలసివచ్చింది. “తెలుగు ఎం.ఏ. చదివినవాడు, మాటలు తెలిసినవాడు” అని ఆ పని నాకు అప్పగించారు. వేసవి సెలవులన్నీ కూర్చుని ఆరు వందల శీర్షికలు తయారుచేశాను. రబీ వరి, నారు మార్పిడి, వ్యవసాయ శ్రామిక వనరులు, భూ అనుభోగ విధానాలు: ఈ తరహాలో ఉండేవి. అకారాది క్రమంలో పేర్చి అచ్చువేయించి చూసుకుంటే నాకు చాలా ముచ్చటగా కనబడ్డాయి.

ఆ ఏడే డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే ఒక అమ్మాయి ప్రాజెక్టు కోసం నా దగ్గరికి వచ్చింది. ఆమె ఎన్నుకున్న విషయం దాళ్వా ఊడ్పుల ముఠాలు. ముఠా అంటే ఒక ఊరి ఆడవాళ్లు పదిహేను ఇరవై మంది జట్టుకట్టి, ఎకరానికి ఇంతని మాట్లాడుకుని, ఊళ్లు తిరిగి ఊడ్చే పద్ధతి. ఆమె తల్లి అటువంటి ముఠాలో పనిచేస్తుంది. ఆ అమ్మాయి నా జాబితాలో ‘దాళ్వా’ చూసింది, లేదు. ‘ఊడ్పు’ చూసింది, లేదు. ‘ముఠా’ చూసింది, లేదు. నా దగ్గరికి వచ్చి, “మన దగ్గర దీనిమీద ఏమీ లేవండి సార్” అంది. “అయితే ఇంకేదైనా విషయం చూసుకోమ్మా” అన్నాను. ఆమె కాలువల చరిత్రమీద రాసింది. ‘కాలువలు’ అన్న శీర్షిక కింద కాగితాలకు కొదవలేదు. 1855లో పూర్తయిన ఆనకట్ట మొదలు 1957లో దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజి దాకా, ప్రభుత్వం తాను కట్టినదాన్ని గురించి తాను రాసుకుంటూనే వచ్చింది గదా. ప్రాజెక్టుకు మంచి మార్కులు వచ్చాయి.

మరుసటి ఏడాది వేరే పనిమీద ఆ మూటలు విప్పితే ఊడ్పుల ముఠాలను గురించిన కాగితాలు పదకొండు కనబడ్డాయి. కూలి రేట్ల మీద జరిగిన ఒక తగాదాను గురించిన కరపత్రం కూడా అందులో ఉంది. వాటన్నిటికీ నేనే శీర్షికలు పెట్టాను. కొన్ని ‘నారు మార్పిడి’ కింద, కొన్ని ‘రబీ వరి’ కింద, తక్కినవి ‘వ్యవసాయ శ్రామిక వనరులు’ కింద భద్రంగా ఉన్నాయి. ఆ పిల్లకు ఈ మాటలు తెలియవని కాదు. పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటుంది. కాని తన తల్లి రోజూ చేసే పని ‘శ్రామిక వనరు’ అవుతుందని ఆమెకు ఎందుకు తట్టాలి? నాకు మాత్రం మా అమ్మ చేసిన పనికి ఆ పేరు ఎలా తట్టింది?

ఈ సంగతి ఒక మిత్రుడితో చెబితే, “అసలు శీర్షికలు దేనికి? ఇప్పుడు కంప్యూటరు ఏ మాట కొట్టినా వెతికిపెడుతుంది గదా” అన్నాడు. ఈ వాదం పైకి బాగానే ఉంటుంది. యంత్రం మనం కొట్టిన మాటను వెతుకుతుంది. మన మనసులో ఉన్న విషయాన్ని కాదు. డెల్టాలో సార్వా అన్నదాన్ని వ్యవసాయశాఖ ఖరీఫ్ అంటుంది. తెలంగాణలో వానాకాలం పంట అంటారు. మనం దాళ్వా అన్నది ప్రభుత్వ కాగితంలో రబీ, తెలంగాణలో యాసంగి. ఇవన్నీ ఒకదానికొకటి చెందినవని ఎవరో ఒకరు ముందుగా రాసిపెట్టకపోతే, దాళ్వా అని వెతికినవాడికి దాళ్వాయే దొరుకుతుంది. దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. ‘పాలు’ అని వెతికితే పాడిపరిశ్రమ నివేదికలూ వస్తాయి, పాలుకు చేసే సేద్యాన్ని గురించిన కాగితాలూ వస్తాయి. ‘ఏరు’ అంటే పారేదీ ఏరే, దున్నేదీ ఏరే. ఒక విషయానికి పది పేర్లు, ఒక పేరుకు పది విషయాలు ఉన్నంతకాలం మాటలకు ఏదో ఒక కట్టుబాటు తప్పదు.

ఆ కట్టుబాటునే గ్రంథాలయ శాస్త్రంలో నియంత్రిత పదావళి అంటారు. దాని పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఒక విషయానికి ఉన్న పేర్లన్నీ పోగుచేస్తారు. అందులో ఒకదాన్ని ప్రధానపదంగా ఎన్నుకుంటారు. తక్కిన పేర్ల దగ్గర ‘చూ.’ అని రాసి ప్రధానపదానికి దారి చూపుతారు. తరవాత ప్రధానపదాలను ఒకదానితో ఒకటి ముడివేస్తారు: ఇది దేనిలో భాగం, దీనిలో ఏవి భాగాలు, దీనికి దగ్గరి చుట్టాలేవి. వరిసాగుకు ఊడ్పు భాగం. ఊడ్పుకు కూలి రేట్లు చుట్టం. ఇలా అల్లిన పదకోశాన్ని థిసారస్ అంటారు. వైద్యం, వ్యవసాయం, ఇంజనీరింగు వంటి శాస్త్రాల్లో వచ్చే వేలకొద్దీ వ్యాసాలు మనిషికి అందుబాటులో ఉన్నాయంటే అందులో ఇటువంటి పదకోశాల పాలు పెద్దది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం తన వైద్యశీర్షికల జాబితాను 1960లో వెలువరించింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1980ల మొదట్లో వ్యవసాయానికి అగ్రోవాక్ అనే పదకోశాన్ని ఏర్పాటుచేసింది.

కనక ప్రశ్న కట్టుబాటు ఉండాలా వద్దా అన్నది కాదు. ప్రధానపదం అయ్యే గౌరవం ఎవరి మాటకు దక్కుతుంది, ‘చూ.’ అనిపించుకుని పక్కకు నిలబడవలసింది ఎవరి మాట, బొత్తిగా లోపలికే రానిది ఎవరి మాట అన్నది ప్రశ్న.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. పాతకాలపు చదువులో పిల్లలచేత వల్లెవేయించిన అమరకోశం కూడా విషయక్రమంలో కూర్చిన పదకోశమే. అందులో పదాలు అకారాదిగా ఉండవు, వర్గాలుగా ఉంటాయి. రెండవ కాండలో మనుష్యవర్గం తరవాత బ్రహ్మ, క్షత్రియ, వైశ్య, శూద్ర వర్గాలు వరసగా వస్తాయి. వ్యవసాయం, ధాన్యాలు, పశువులు వైశ్యవర్గంలో ఉన్నాయి. ఏనుగులూ గుర్రాలూ క్షత్రియవర్గంలో ఉన్నాయి. కుమ్మరి, సాలె, కమ్మరి శూద్రవర్గంలో ఉన్నారు. కుక్క కూడా అక్కడే ఉంది. అడవి మృగాలకు సింహాదివర్గం అని వేరే ఒకటి ఉన్నా, గుర్రానికీ ఆవుకూ కుక్కకూ అక్కడ చోటు లేదు. అవి తమ తమ యజమానుల వర్ణాల వెంట పోయాయి! అమరసింహుడు బౌద్ధుడని పండితులు చెబుతారు. అయినా ఆయన కోశం మాత్రం నాలుగు వర్ణాల గదుల్లోనే నిలబడింది. ఇందులో ఆయన్ను తప్పుపట్టవలసిన పని లేదు. చుట్టూ ఉన్న సమాజం ఏ గదుల్లో ఉందో మాటలను ఆ గదుల్లోనే సర్దాడు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహంలో దేవ, మానవ, స్థావర, తిర్యక్ వర్గాలుగా అచ్చతెలుగు మాటలను కూర్చి ఒక మేలు చేశాడు. కాని ఆయన ఉద్దేశం పద్యం రాసేవాడికి పర్యాయపదం అందించడమే గాని, పొలంలో పనిచేసేవాడు తన పనికి పెట్టుకున్న పేర్లు పోగుచేయడం కాదు.

పాశ్చాత్యుల పద్ధతి వచ్చాక ఈ అవస్థ తీరిందని అనుకోవడానికి లేదు. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణ మన గ్రంథాలయాల్లో చాలాచోట్ల ఈనాటికీ నడుస్తున్నది. అందులో సాహిత్యం 800. ఇంగ్లీషు సాహిత్యానికి 820, లాటినుకు 870, గ్రీకుకు 880. ఐరోపా వాళ్ల లెక్క తేలిన తరవాత మిగిలిన ప్రపంచమంతా 890లో ఉంది. అందులో మన తెలుగు సాహిత్యం 894.827. నేను పాఠం చెప్పే సాహిత్యమంతా దశాంశ బిందువు దాటిన తరవాత మొదలవుతుంది. మన దేశంలో గణితం చెప్పుకునే ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చి, ఈ పద్ధతితో తృప్తిపడక, 1933లో తన కోలన్ వర్గీకరణను ప్రకటించారు. దాని కిటుకు ఏమంటే, విషయాన్ని ముందే గీసిన ఒక గడిలో పడేయకుండా దాని ముఖాలను విడివిడిగా చూడడం. ‘1977 నవంబరు ఉప్పెన తరవాత దివిసీమలో వరిసాగు’ అన్న వ్యాసానికి వరి ఒక ముఖం, సాగు ఒక ముఖం, దివిసీమ ఒక ముఖం, 1977 ఒక ముఖం. ఏ ముఖం తెలిసినవాడైనా ఆ వ్యాసం దగ్గరికి రాగలగాలి. ప్రతి పాఠకుడికీ తనకు కావలసిన పుస్తకం అందాలనీ, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలనీ సూత్రాలు చెప్పిన మనిషికి తగిన ఆలోచనే ఇది.

శీర్షికల తగాదా ఎంత దూరం పోగలదో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక ఉదంతం చాలు. ప్రపంచంలో ఎక్కువ గ్రంథాలయాలు అనుసరించే శీర్షికల జాబితా అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తయారుచేసేది. అందులో కాగితాలు లేని వలసజనాన్ని ‘చట్టవిరుద్ధ పరాయివాళ్లు’ అనే అర్థం వచ్చే శీర్షిక కింద పెట్టారు. 2014లో డార్ట్‌మత్ కళాశాల విద్యార్థులు, గ్రంథాలయోద్యోగులు కలిసి ఆ మాట తీసెయ్యమని అడిగారు. 2016లో మారుస్తామని గ్రంథాలయం ప్రకటించింది. వెంటనే అక్కడి పార్లమెంటు సభ్యులు అడ్డుపడ్డారు. చివరికి 2021 నవంబరులో మార్పు వచ్చింది. ఒక కార్డు మీది రెండు మాటలకోసం చట్టసభ కదిలిందంటే, సూచిక గుమాస్తా పని అని మనం అనుకోవచ్చునేమో గాని పాలకవర్గాలు అనుకోవడం లేదన్నమాట.

మన దగ్గరికే వద్దాం. రైతు అంటే ఎవరు? జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2013లో వ్యవసాయంలో స్వయం ఉపాధి గలవారి ఆత్మహత్యలు 11,772. మరుసటి ఏడాది నివేదికలో రైతులకు ఒక గడి, వ్యవసాయ కూలీలకు ఒక గడి విడిగా వేశారు. 2014లో రైతుల గడిలో 5,650, కూలీల గడిలో 6,710 వచ్చాయి. రెండూ కలిపితే 12,360. రైతు ఆత్మహత్యలు సగానికి తగ్గాయని చెప్పదలచినవాడికి మొదటి గడి ఒక్కటీ చదివితే సరిపోతుంది. కూలీలకు వేరే గడి ఉండడం తప్పని నేను అనను. లోగడ వాళ్ల చావుకు పేరే లేదు. కాని కాగితం లేకుండా నోటిమాట మీద కౌలు చేసిన మా నాన్నవంటివాడు ఏ గడిలో పడతాడన్నది, పోలీసు స్టేషనులో ఆ కాగితం రాసేవాడి చేతిలో ఉంది.

చట్టాల పేర్లు కూడా చూడండి. 1956లో ఆంధ్రప్రాంతానికి వచ్చింది కౌలుదారీ చట్టం. 2011లో వచ్చినదాని పేరులో ‘అధీకృత సాగుదారులు’ ఉన్నారు. 2019లో వచ్చినదాని పేరు పంట సాగుదారుల హక్కుల చట్టం. దానికింద పదకొండు నెలలకు కార్డు ఇస్తారు. అందుకు భూయజమాని సంతకం కావాలి. ఈ రెండు చట్టాల పేర్లలోనూ కౌలు అన్న మాట లేదు. కౌలుదారు అని కాగితం మీద పడితే భూమిమీద హక్కు పుట్టుకొస్తుందేమోనని యజమానుల భయం. ఆ భయానికి లొంగి మాట మారింది. రేపు ఒక విద్యార్థి ‘కౌలు’ అన్న శీర్షిక కింద వెతికితే, సూచిక తయారుచేసేవాడు శ్రద్ధపెట్టి ముడివేయకపోతే, కౌలుదారుల కోసం చేసిన ఈ రెండు చట్టాలూ అతని కంటబడవు. కౌలు మాయమైపోయిందని కూడా అతడు రాయవచ్చు. అందువల్ల భూస్వామికి నష్టమేమీ లేదు.

ఇక్కడ సాహిత్య విద్యార్థులం మనం ఒక విషయం ఒప్పుకోక తప్పదు. గిడుగు రామమూర్తి గారి ఉద్యమం గెలిచిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. గెలిచింది నిజమే. కాని గెలిచింది వాక్యంలో, ముఖ్యంగా క్రియాపదంలో. ‘చేసెను’ పోయి ‘చేశాడు’ వచ్చింది. నామవాచకం దగ్గర, అందులోనూ శీర్షిక అనిపించుకునే నామవాచకం దగ్గర, పండితుడు పోయి అధికారి వచ్చాడేగాని పనివాడు రాలేదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరవాత పాఠ్యపుస్తకాలకోసం పారిభాషిక పదాలు కొల్లలుగా తయారయ్యాయి. వాటి ఉపయోగం కాదనలేం. అయితే వాటిలో చాలా భాగం ఇంగ్లీషు మాటను ఎదురుగా పెట్టుకుని సంస్కృతంలో పోతపోసినవి. నా ‘భూ అనుభోగ విధానాలు’ ఆ మూసలోంచే వచ్చింది. వాక్యాలు మా ఊరి భాషలో రాసే నేను, శీర్షిక పెట్టవలసివచ్చేసరికి చొక్కా గుండీలు పెట్టుకుని నిలబడ్డాను!

వేరే దారి లేదా అంటే, ఉన్నది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని ప్రచురించింది. దాని విషయం వ్యవసాయం. సంపాదకుడు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. కావ్యాలలోంచి ప్రయోగాలు ఏరే పాత పద్ధతి వదలి, ఊళ్లకు పోయి సేద్యం చేసేవాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన మాటలు రాసుకుని, ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తించి కూర్చిన కోశం అది. ఒకచోట నాగలి అన్నదాన్ని మరొకచోట మడక అంటారన్న సంగతి అందులో సాక్ష్యంతో కనబడుతుంది. ఆ మాటల ఆధారంగానే ఆయన తెలుగుదేశాన్ని నాలుగు మాండలిక మండలాలుగా విడదీయగలిగారు. రెండవ సంపుటం చేనేత మీద 1971లో వచ్చింది. తరవాత మరికొన్ని వృత్తుల మీద కూడా సంపుటాలు వచ్చాయి. 1983లో సాహిత్య అకాడమి రద్దయింది. ఎం.ఏ.లో నేను ఈ కోశం పేరు పరీక్షకోసం చదివాను. శీర్షికల జాబితా తయారుచేసేటప్పుడు మాత్రం దాన్ని బీరువాలోంచి తీయాలని నాకు తోచలేదు.

అయితే పల్లె మాటను నెత్తిన పెట్టుకుంటే చాలు, అంతా చక్కబడుతుందనుకోవడం కూడా పొరపాటే. తెలంగాణ ప్రభుత్వం 2020లో ఖరీఫ్, రబీ అన్న మాటలు వదలి వానాకాలం, యాసంగి అని వాడడం మొదలుపెట్టింది. రైతు నోటి మాట ప్రభుత్వ కాగితానికి ఎక్కడం సంతోషించదగిన విషయమే. కాని అంతకుముందు కాగితాలన్నీ రబీ పేరుతో ఉన్నాయి. యాసంగి దగ్గర ‘రబీ కూడా చూ.’ అని లేకపోతే నిన్నటి దాకా ఉన్న చరిత్రకు తలుపు మూసినట్టే. అలాగే దాళ్వా అన్నది కాలువ నీళ్లు ఉన్నవాళ్ల మాట. దాన్ని తెలుగువాళ్లందరికీ ప్రధానపదం చేస్తే మెట్ట ప్రాంతంవాడు మన డెల్టావాళ్ల పెత్తనాన్ని గుర్తుపట్టకపోడు.

మరొక చిక్కు కూడా ఉంది. పల్లె మాటల్లో అవమానాలు కూడా ఉన్నాయి. కులాల పేర్లు, జీతగాళ్ల పేర్లు ఒకప్పుడు వాడినట్టు ఈనాడు శీర్షికలుగా పెట్టలేం, పెట్టకూడదు. పాత కార్డుల మీద ‘హరిజనులు’ అని ఉన్నచోట ‘దళితులు’ అని రాస్తాం. రాయవలసిందే. కాని పాత మాటను బొత్తిగా చెరిపేస్తే, ఆ మాటతోనే రాసిన 1930ల నాటి కరపత్రాలు మన చేతికి రావు. చెరపడం వేరు, దారి మళ్లించడం వేరు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ 1922లో వెలువడింది. కూలి సమస్య ఆ కథకు ప్రాణం. అయినా నేను చూసిన జాబితాల్లో అది ‘తెలుగు నవల’ కింద మాత్రమే ఉంది. డెల్టా వ్యవసాయ కూలీలను గురించి చదివే ఆర్థికశాస్త్ర విద్యార్థికి ఆ పుస్తకం ఎదురుపడే దారే లేదు. నవలను సాహిత్యం అనే గదిలో పెట్టి తాళం వేయడం కూడా ఒక వర్గీకరణే.

అగ్రోవాక్ పద్ధతి నాకు ఇక్కడ నచ్చింది. అందులో నలభై వేలకు పైగా భావనలు ఉన్నాయి. ప్రతి భావనకూ ఒక సంఖ్య. ఆ సంఖ్య కింద ఒక్కొక్క భాషలో దాని పేర్లు ఉంటాయి. తెలుగు కూడా అందులో చేరింది. అసలు విషయానికి సంఖ్య తప్ప మాట లేదు కనక, ఏ భాషా మరో భాషకు తర్జుమాగా నిలబడనక్కరలేదు. అయితే తెలుగు అన్న గడిలో ఏ తెలుగు ఉండాలన్నది రోములో కూర్చునేవాళ్లు తేల్చేది కాదు. అది మన పని.

ఆ పని నేను మళ్లీ మొదటినుంచి చేయవలసివచ్చింది. ఆ అమ్మాయికి కబురు చేశాను. ఆమె అప్పటికి బి.ఎడ్.లో చేరింది. పదకొండు కాగితాలూ చేతికిచ్చి, జరిగింది చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. కరపత్రం చదివి, “ఇది అప్పుడు ఉంటే బాగుండేది సార్” అంది. తరవాత కొన్ని ఆదివారాలు మా ఊరు వచ్చింది. అరుగు మీద మా అమ్మ, ఆమె, నేను కూర్చుని వరిసాగు మాటలన్నీ కార్డుల మీద రాశాం.

మొదటి రోజే ‘నారు మార్పిడి’ వచ్చింది. “ఇది ఊడ్పే కదమ్మా” అన్నాను.

“మార్పిడేమిట్రా? ఆకు తీయడం వేరు, ఊడ్చడం వేరు” అంది మా అమ్మ. “ఆకుమడిలో ఆకు తీసి కట్టలు కట్టి మోసేది మగాళ్లు. ఊడ్చేది మేము. వాళ్ల కూలి వేరు, మా కూలి వేరు. రెండిటికీ ఒకటే పేరు పెడితే ఎవరికెంతని రాస్తావు?”

“మా ఊళ్లోనూ అంతే పెద్దమ్మా” అని ఆ అమ్మాయి రెండు కార్డులు తీసింది.

ఈ సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు గట్టుమీద కూర్చుని చూసినదే. అయినా నా శీర్షిక రెండు పనులను, రెండు కూలిరేట్లను, ఆడామగా తేడాను ఒక్క మాటలో కలిపేసింది. ఆడవాళ్ల కూలి ఎంత తక్కువో తెలుసుకోదలచిన మనిషికి ఆ శీర్షిక కింద ఏదీ తేలదు. పేరు విశాలమైనకొద్దీ తగాదా కనబడకుండా పోతుంది. ‘శ్రామిక వనరులు’ అన్నచోట ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు. ‘ఊడ్పు కూలి’ అన్నచోట పోట్లాడతారు. శాస్త్రీయత పేరుతో నేను ఎన్నుకున్న మాటల గుణం ఇదీ!

ఇప్పుడు మా జాబితాలో ఊడ్పు ప్రధానపదం. ఆకుతీత వేరే ప్రధానపదం. ‘నారు మార్పిడి’ దగ్గర ఆ రెండిటికీ ‘చూ.’ ఉంది. సార్వా, ఖరీఫ్, వానాకాలం, వీటిలో ఎక్కడినుంచి బయలుదేరినా ఒకచోటికే చేరుతారు. కౌలు కింద మక్తా, గుత్త, పాలు, చట్టాలవాళ్ల సాగుదారు, అందరూ ఉన్నారు. జాబితా ఆరు వందలనుంచి పదిహేను వందలు దాటింది. చూడడానికి లోగడ ఉన్నంత ముచ్చటగా లేదు. ఒక పెద్దమనిషి చూసి, “ఇదేమిటండీ, మరీ పొలం గట్టులా ఉంది” అన్నారు.

బెజవాడ గడ్డమీద ఇటువంటి మాట చెప్పడం కొత్తగాదు. 1911లో ఇక్కడ రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఇక్కడే పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారివంటివాళ్లు పుస్తకాన్ని పండితుడి పెట్టెలోంచి వీధిలోకి తెచ్చారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట ఊరూరా తిప్పారు. వాళ్లు పుస్తకాన్ని మనిషి దగ్గరికి చేర్చారు. ఆ మనిషి తన మాటతో పుస్తకాన్ని అడగగలిగే ఏర్పాటు చేయడం మిగిలిపోయింది. దానికి పెద్ద సంస్థలు కావాలని ఎదురుచూడనక్కరలేదు. మన కళాశాలల్లో సాలెవాళ్ల పిల్లలున్నారు, చేపలు పట్టేవాళ్ల పిల్లలున్నారు, రైసుమిల్లుల్లో బస్తాలు మోసేవాళ్ల పిల్లలున్నారు. ఒక్కొక్కరు తమ ఇంట్లో వాడే పనిమాటలు వంద రాసుకొస్తే, వాటిని ముడివేసి సూచికగా చేయడం మన చేతిలో పని. ప్రాజెక్టు పేరుతో ఏటేటా మనం వాళ్లచేత రాయించే కాగితాలకన్న ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఆ అమ్మాయి పదకొండు కాగితాలూ చదివింది. వాటిలో ఏదీ ముఠాలో పనిచేసిన మనిషి చెప్పినది కాదని నాకు చూపించింది. అన్నీ ముఠాలను గురించి బయటివాళ్లు రాసినవే. తన తల్లినీ, ఆమెతో తిరిగేవాళ్లనూ అడిగి పన్నెండవది తానే రాస్తానంటున్నది. ఈ దాళ్వాకు మొదలుపెడుతుంది.